బాయి ఎవరిని గుర్తు పెట్టుకుంటుంది

జూన్ రెండో వారం దాటిందంటే ఉత్తర తెలంగాణలో అందరి చూపూ మొగులు మీదే ఉంటుంది. మృగశిర కార్తె వచ్చేసింది, పత్తి విత్తనాలు తెచ్చి ఇంట్లో పెట్టారు, ఒక్క మంచి వాన పడితే చాలు. గోదావరిఖనిలో మాత్రం ఆ రోజుల్లోనే ఇంకో తారీఖు ఉంది. 2003 జూన్ 16న అక్కడి సింగరేణి బొగ్గు గని జీడీకే 7 ఎల్‌ఈపీలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు పోయారు. ఆ నీళ్ల తడి ఆరకముందే, నాలుగు నెలలకు, అక్టోబర్‌లో జీడీకే 8ఏ ఇంక్లైన్‌లో, అంటే ఏటవాలు దారిన దిగే గనిలో, పైకప్పు కూలి ఇంకో 10 మంది పోయారు. ఒకే ఏడాది, ఒకే ఊరు, 27 మంది.

సింగరేణిలో గనిని గని అనేది కాగితాల మీదే. నోట్లో మాత్రం అది బాయి. బాయి దిగడం, బాయి ఎక్కడం, బాయిమీద డ్యూటీ. ఊళ్లో పొలానికి నీళ్లిచ్చే బావిని కూడా బాయి అనే అంటారు కాబట్టి కొత్తవాళ్లకు కొంచెం తికమకే. మానేరు, గోదావరి పక్క పల్లెల నుంచి వ్యవసాయం వదిలి వచ్చినవాళ్లకు ఈ మాట బాగా తెలిసినది, పని మాత్రం పూర్తిగా తిరగబడింది. ఊళ్లో బాయిలో నీళ్లు పడితే కొబ్బరికాయ కొడతారు. ఇక్కడ బాయిలో నీళ్లు పడితే పరిగెత్తాలి.

అసలు బొగ్గు గనిలోకి నీళ్లు అంత ఒక్కసారిగా ఎక్కడి నుంచి వస్తాయి? వానాకాలం కాబట్టి వాన నీళ్లేమో అనుకుంటాం. కొన్నిసార్లు నిజమే, 1995 సెప్టెంబర్‌లో ధన్‌బాద్ దగ్గర గజ్లీటాండ్‌లో వాగు పొంగి గనిలోకి దూకితే 64 మంది పోయారు. కానీ భూగర్భ గనుల్లో ఎక్కువగా భయపడాల్సింది పాత నీళ్లకు. మన దగ్గర చాలా గనులు బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో తవ్వినవి, అంటే బొగ్గు పొరలో అడ్డంగా నిలువుగా గ్యాలరీలు తీసుకుంటూ పోయి, పైకప్పును మోయడానికి మధ్యలో బొగ్గు దిమ్మెల్నే స్తంభాలుగా వదిలేస్తారు. పొర ఏటవాలుగా ఉంటుంది కాబట్టి నీళ్లెప్పుడూ పల్లం వైపు, అంటే డిప్పు వైపు దిగుతుంటాయి. పని నడిచినన్నాళ్లూ పంపులు ఆ నీళ్లను పైకి తోడుతుంటాయి. పని ఆగిపోయిన చోట పంపు తీసేస్తారు, దారి మూసేస్తారు, అక్కడితో ఆ భాగాన్ని పట్టించుకునేవాళ్లు ఉండరు. నీళ్లు మాత్రం ఊరుతూనే ఉంటాయి. ఏళ్ల తరబడి నిండిన ఆ పాత గ్యాలరీలకూ పక్కన లేదా కింద కొత్తగా తవ్వుతున్న చోటుకూ మధ్య మిగిలేది ఒక బొగ్గు గోడ. నీటి మట్టం 50 మీటర్లు పైన ఉందనుకోండి, ఆ గోడలో ప్రతి చదరపు మీటరు మీద 50 టన్నుల బరువు నెడుతున్నట్టు లెక్క. ఇవతల పనిచేసే మనిషికి అది రోజూ తవ్వే మామూలు బొగ్గు గోడలాగే కనిపిస్తుంది, మహా అయితే కాస్త చెమ్మగా ఉంటుంది.

అందుకే నియమం ఉంది. పాత పనులకు 60 మీటర్ల దూరంలోకి వచ్చాక ముందుగా అనుమతి తీసుకోకుండా ఒక్క అడుగు కూడా ముందుకు తవ్వకూడదు. అనుమతి ఇచ్చినా ముందు సన్నటి బోర్లు వేసుకుంటూ, అవతల ఖాళీ ఉందా, నీళ్లున్నాయా అని చూసుకుంటూ పోవాలి. 1957 నాటి బొగ్గు గనుల రెగ్యులేషన్స్‌లో ఉన్న నియమమే 2017లో వచ్చిన కొత్త వాటిలోనూ ఉంది. అయితే 60 మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలి? పాత పని ఎక్కడ ఆగిందో తెలిస్తేనే కదా కొలిచేది. అది తెలిసేది ప్లాన్ వల్ల, అంటే సర్వే ఆఫీసులో ఉండే గని పటం వల్ల. ముప్పై, నలభై ఏళ్ల కింద ఏ సర్వేయర్ గీశాడో, చివరి రోజుల్లో తవ్విన నాలుగు గజాలు అందులో ఎక్కించాడో లేదో, పక్క గనివాళ్ల పటమూ ఈ పటమూ ఒకదానితో ఒకటి కుదురుతాయో లేదో, ప్రాణాలన్నీ ఈ వివరాల మీదే వేలాడుతుంటాయి. సంస్మరణ సభల్లో ఎవరూ పెద్దగా మాట్లాడని విషయం ఇది. మనుషులకు జ్ఞాపకం ఉన్నట్టే గనికీ ఒకటి ఉంటుంది, అది ఆ పటం, అది తప్పితే కొత్త పేర్లు రాయాల్సి వస్తుంది.

చరిత్ర చూస్తే ఇది మళ్లీ మళ్లీ జరిగిందే. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ పక్కన చస్నాలా గనిలో పైనున్న పాత పనుల నీళ్లు కిందికి బద్దలయ్యాయి, ప్రభుత్వ లెక్కలో 375 మంది. 2001 ఫిబ్రవరిలో అదే ప్రాంతంలోని బాగ్‌డిగిలో పక్క గని పాత పనుల నీళ్లు వచ్చి 29 మంది. రెండేళ్లు తిరిగాక గోదావరిఖని. చస్నాలా మన దగ్గర పెద్దగా తలచుకునే పేరు కాదు. 2023లో సింగరేణి గుర్తింపు సంఘం ఎన్నికలు, అంటే కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే యూనియన్‌ను ఎన్నుకునేవి, సరిగ్గా డిసెంబర్ 27నే జరిగాయి, ఆ రోజు గనుల గేట్ల దగ్గర టెంట్లూ జెండాలూ మామూలుగా లేవు. అది దేశంలోనే పెద్ద బొగ్గు గని ప్రమాదం జరిగిన తారీఖని ఎంతమందికి తట్టిందో మరి.

ఇక లెక్కల సంగతి. గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్. దాని వర్గీకరణ ప్రకారం ఒకే ప్రమాదంలో పది మంది లేదా అంతకంటే ఎక్కువ పోతే అది డిజాస్టర్. నాలుగు నుంచి తొమ్మిది అయితే మేజర్ యాక్సిడెంట్. అంతకు తక్కువైతే మామూలు ఫేటల్ యాక్సిడెంట్. లెక్కలు కట్టడానికి ఎక్కడో ఒక గీత గీయాలి, అందులో తప్పు లేదు. కానీ ఆ గీత నెమ్మదిగా మన తలల్లోకి కూడా వచ్చేసింది. 8ఏ ఇంక్లైన్‌లో పోయింది సరిగ్గా పది మంది, ఆ గీత మీద. ఒక్కరు బతికి బయటపడి ఉంటే, ఆ ఒక్క ఇంటికి అది కొండంత అదృష్టమే, అయితే ఆ ప్రమాదం దేశవ్యాప్త జాబితాలో ఇంకో పేజీకి జారిపోయేది. జాబితాలో లేనిది పేపర్ల వార్షికోత్సవ కథనాల్లోకి రాదు, కథనాల్లోకి రానిది పదేళ్లకు ఊరు కూడా మర్చిపోతుంది.

సింగరేణిలో చావు ఎక్కువగా వచ్చింది ఒక్కొక్కటిగానే. బండ పడి ఒకరు, బొగ్గు టబ్బుల్ని లాగే హాలేజీ తాడు తెగి ఒకరు, టబ్బుల మధ్య నలిగి ఒకరు. పైకప్పు విషయమే తీసుకుంటే, పాత కార్మికులు బండను రాడ్డుతో తట్టి వింటారు. గట్టిగా అతుక్కున్న బండ ఖంగుమంటుంది, పొర విడిపోయింది డొల్లగా మోగుతుంది. ఇప్పుడు రూఫ్ బోల్టులు వచ్చాయి, పైకప్పు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో చూపించే పరికరాలు వచ్చాయి, అయినా ఆ తట్టి వినడం పోలేదు. అసలు టెన్షన్ అంతా డీపిల్లరింగ్ అప్పుడు. గ్యాలరీలు తవ్వడం అయిపోయాక వెనక్కి వస్తూ, వదిలిన పిల్లర్లను కూడా తీసేసే దశ అది. బొగ్గు తీసేసిన చోటును గోఫ్ అంటారు. అక్కడ పైకప్పు ఎప్పటికప్పుడు కొంచెం కొంచెంగా కూలిపోతేనే మంచిది, కూలకుండా పెద్ద విస్తీర్ణంలో వేలాడుతుంటే భయం. గోఫ్‌లో చప్పుడు వినిపిస్తే బయటివాడికి గుండె ఆగుతుంది, లోపలివాడు మాత్రం చప్పుడు ఆగిపోతే భయపడతాడు.

2021 నవంబర్‌లో శ్రీరాంపూర్ ప్రాంతంలోని ఎస్‌ఆర్‌పీ-3 గనిలో పైకప్పు కూలి నలుగురు పోయారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ ప్రాజెక్టులో ముగ్గురు, వాళ్లలో అధికారులు ఇద్దరు, కాంట్రాక్ట్ కార్మికుడు ఒకరు. బాయిలో అధికారి, కాంట్రాక్ట్ మనిషి అన్న తేడా బండకు తెలియదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు, ఆ తేడా మొదలయ్యేది శవాలు పైకి వచ్చాకే. ఈ రెండు ప్రమాదాలు టీవీల్లో మూడు నాలుగు రోజులు నడిచాయి. ఇప్పుడు మంచిర్యాల బస్టాండ్‌లో నిలబడి వాటి తారీఖులు అడిగితే చెప్పేవాళ్లు పని చేసే షిఫ్టులో ఉన్నవాళ్లో, ఆ ఇళ్లవాళ్లో అయి ఉంటారు.

గుర్తు చేసుకోవడంలో ఇంకో చీలిక ఉంది, అది తారీఖుకూ తిథికీ మధ్య. గేటు దగ్గర జరిగేది తారీఖు ప్రకారం. జెండా సగం దించడం, రెండు నిమిషాల మౌనం, ఒక్కో సంఘం ఒక్కో దండ, దండల మీద సంఘం పేరు పోయినవాళ్ల పేర్ల కంటే పెద్ద అక్షరాల్లో. ఇంట్లో జరిగేది తిథి ప్రకారం. 2003 జూన్ 16 జ్యేష్ఠ బహుళంలో పడింది, ఆ తిథి మళ్లీ అదే తారీఖున రావాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే సభ ఒక రోజు, ఇంట్లో పెట్టుకునే సంవత్సరీకం ఇంకో రోజు. తిథి గుర్తులేనివాళ్లకూ, శవం ఆలస్యంగా దొరికి ఏ రోజు లెక్క పెట్టాలో తేలనివాళ్లకూ పెత్రమాస ఉండనే ఉంది. ఆ రోజు పెద్దలకు బియ్యం ఇస్తారు, సాయంత్రానికి ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తారు. కోల్‌బెల్ట్ కాలనీల్లో క్వార్టర్ల మధ్య ఆడే బతుకమ్మలో పొద్దున మొగుడి పేరు మీద బియ్యం ఇచ్చి వచ్చిన ఇంటి ఆడపిల్లలు కూడా ఉంటారు. దీన్ని ఏ సేఫ్టీ వీక్ రిపోర్టులోనూ రాయరు, రాయాల్సిన పని కూడా లేదు. కానీ ఎవరు ఎక్కువ కాలం గుర్తు పెట్టుకుంటున్నారని అడిగితే జవాబు అక్కడే ఉంది.

అన్నిటికంటే చిక్కుముడి పేరు దగ్గర. బయటి జిల్లాలవాళ్లకు చెబితే నమ్మరు గానీ సింగరేణిలో మారుపేర్లు పెద్ద సమస్య. వెనకటి రిక్రూట్‌మెంట్ రోజుల్లో ఉద్యోగం ఒకరి పేరు మీద వచ్చేది, అతను భయపడి రెండు రోజులకే ఊరికి పారిపోయేవాడు, అదే పేరు మీద తమ్ముడో బావమరిదో ఊరివాడో దిగేవాడు. కొందరు వయసు సరిపోక అన్న సర్టిఫికెట్‌తో చేరారు. అప్పట్లో తట్ట, చెమ్మస్ (బొగ్గు ఎత్తే పార) పట్టుకుని బొగ్గు నింపే మనుషులు కావాలి, ఎవరి పేరేమిటని గుచ్చి అడిగే ఓపిక ఎవరికీ లేదు. అలా ఊళ్లో ఒక పేరు, మస్టర్‌లో, అంటే కంపెనీ హాజరు పట్టీలో, ఒక పేరుతో ముప్పై ఏళ్లు పనిచేసి దిగిపోయినవాళ్లు ఉన్నారు. బతికున్నన్నాళ్లూ అది నవ్వుకునే విషయమే, బాయిమీద ఒకలా పిలిస్తే పలికి, ఇంటికొచ్చాక ఇంకోలా పిలిస్తే పలికేవాళ్లు. మనిషి పోయాకే కష్టం మొదలవుతుంది. రేషన్ కార్డులో ఉన్న భర్త వేరు, కంపెనీ రికార్డులో చనిపోయిన కార్మికుడు వేరు. ఈయనే ఆయన అని నిరూపించుకోవడానికి భార్య, పిల్లలు ఆఫీసుల చుట్టూ తిరగాలి, విజిలెన్స్ విచారణ నడవాలి. యూనియన్ల మేనిఫెస్టోల్లో మారుపేర్ల క్రమబద్ధీకరణ డిమాండ్ ఏళ్లుగా ఉంటూ వస్తోంది. స్థూపం మీద పేరు చెక్కేటప్పుడు కూడా ఇదే ప్రశ్న. మస్టర్ పేరు చెక్కితే తల్లికి ఆ రాయి మీద కొడుకు కనిపించడు, ఇంటి పేరు చెక్కితే ఇన్సూరెన్స్ కాగితానికీ రాతికీ పొత్తు కుదరదు.

ఈ కాగితాల గొడవ అంత పెద్దదవడానికి కారణం ఉద్యోగం. బొగ్గు పరిశ్రమ వేతన ఒప్పందాల ప్రకారం సర్వీసులో చనిపోయిన కార్మికుడి ఇంట్లో అర్హులైన ఒకరికి ఉద్యోగం ఇవ్వాలి, మెడికల్ అన్‌ఫిట్ అయినవాళ్ల విషయంలోనూ అలాంటి ఏర్పాటే. వారసత్వ ఉద్యోగాల మీద తెలంగాణ వచ్చాక జరిగిన రాజకీయం, కోర్టు కొట్టేయడం, తర్వాత కారుణ్య నియామకాలంటూ కొత్త దారి, అదంతా వేరే పెద్ద కథ. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే. చాలా కుటుంబాల్లో పోయిన మనిషికి మిగిలిన అసలు స్మారకం ఆ ఉద్యోగమే. "నాయిన పేరు మీద వచ్చిన నౌకరి" అంటారు. తండ్రిని మింగిన బాయిలోనే కొడుకు టోపీ లైట్ పెట్టుకుని దిగుతాడు, ఇందులో విడ్డూరమేమీ లేదు, ఇల్లు గడవాలి. భార్యలు చేరితే ఎక్కువగా సర్ఫేస్ పనులు, అంటే గని బయట నేల మీద పనులు, ఎందుకంటే 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలో పనిచేయనివ్వలేదు, 2019లో కేంద్రం కొన్ని షరతులతో ఆ తలుపు తెరిచింది.

కాంట్రాక్ట్ కార్మికుల దగ్గరికి వచ్చేసరికి ఈ స్మారకం కూడా ఉండదు. ఓపెన్‌కాస్టుల్లో, అంటే పైనుంచి నేలను తవ్వుకుంటూ పోయే గనుల్లో, మట్టి తీసే పని చాలావరకు కాంట్రాక్టర్ల చేతుల్లోనే ఉంది. అక్కడ పోయిన మనిషి వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాడైతే పోస్ట్‌మార్టం అయిన సాయంత్రమే అంబులెన్సులో ఊరు దాటిపోతాడు. పరిహారం ఎంతన్న బేరం ఆస్పత్రి ముందరే ధర్నాతో తేలుతుంది, ఆ ధర్నానే అతనికి ఈ ప్రాంతం చేసిన సంస్మరణ. మరుసటి ఏడు అదే తారీఖున అతని పేరు తలచుకునే గేటు ఏదీ ఇక్కడ లేదు.

బెల్జియంలో మార్సినెల్ అనే చోట 1956 ఆగస్టు 8న బొగ్గు గనిలో మంటలు లేచి 262 మంది పోయారు. వాళ్లలో 136 మంది ఇటలీ నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్లు. ఆ గని మూతపడ్డాక పడగొట్టకుండా ఉంచారు, ఇప్పుడది మ్యూజియం, యునెస్కో జాబితాలో కూడా చేరింది. ఇటలీ అయితే ఆగస్టు 8ని విదేశాల్లో ప్రాణాలు పోగొట్టుకున్న తన కార్మికుల రోజుగా పాటిస్తుంది. వలస వచ్చినవాడిని అతని సొంత దేశం తలచుకోవడం, పోయిన చోటు చెక్కుచెదరకుండా ఉండడం, రెండూ అక్కడ కుదిరాయి.

మన దగ్గర చోటే నిలవడం లేదు. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలై, 1920లో సింగరేణి కాలరీస్ పేరు వచ్చి, కొత్తగూడెం, బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని, భూపాలపల్లి దాకా పాకిన ఈ కథలో చాలా కాలం బాయి అంటే భూగర్భ గనే. ఇప్పుడు బొగ్గులో చాలా భాగం ఓపెన్‌కాస్టులదే. పాత భూగర్భ గని మూసేసి, మిగిలిన పిల్లర్ల బొగ్గు కోసం పైనుంచి తవ్వుకుంటూ వచ్చేసరికి, మనుషులు పోయిన ఆ గ్యాలరీ, ఆ జంక్షన్, బాయి ముఖం దగ్గరి మైసమ్మ గుడి, మౌనం పాటించిన గేటు, అన్నీ మట్టి కుప్పల్లో కలిసిపోతాయి. స్థూపాన్ని ఇంకో చోటికి మార్చవచ్చు, అయితే ఇక్కడే అని చూపించడానికి అక్కడ నేలే ఉండదు. మనుషులూ తగ్గారు. 1990ల మొదట్లో లక్ష దాటిన పర్మినెంట్ కార్మికులు ఇప్పుడు 40 వేల దగ్గర ఉన్నారు. రిటైరైనవాళ్లు క్వార్టర్ ఖాళీ చేసి కరీంనగర్‌లోనో హనుమకొండలోనో ఇల్లు కట్టుకుంటున్నారు. హనుమకొండలో ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు మూడో అంతస్తు పెద్దాయన దగ్గు ఎక్కడిదో తెలియదు. అన్నట్టు, దుమ్ముతో ఊపిరితిత్తులు పాడై పదిహేనేళ్ల తర్వాత పోయేవాళ్లు ఏ గీతకూ పైన లేరు, కింద లేరు, ప్రమాదాల లెక్కలోకే రారు.

జ్ఞాపకం పని రూపంలో మిగలడం కూడా ఉంది, అది తక్కువదేం కాదు. రెస్క్యూ స్టేషన్లలో ఆక్సిజన్ సెట్లు వీపుకు కట్టుకుని పొగ నింపిన గదుల్లో చేసే ప్రాక్టీసు ప్రతి భాగమూ ఎక్కడో ఎవరో పోతే నేర్చుకున్నదే. 2025 ఫిబ్రవరిలో నాగర్‌కర్నూల్ జిల్లాలో ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి 8 మంది చిక్కుకుంటే సింగరేణి రెస్క్యూ మనుషులనూ పిలిచారు. బొగ్గుతో సంబంధం లేని నీటి ప్రాజెక్టు అది. అయినా బురదలో, చీకట్లో, కూలే పైకప్పు కింద ఎలా నడవాలో తెలిసినవాళ్లు కావాలంటే ప్రభుత్వానికి గుర్తొచ్చింది బాయి మనుషులే.

షిఫ్టు మొదలయ్యే ముందు రక్షణ ప్రతిజ్ఞ చేయిస్తారు. చెయ్యి ముందుకు చాపి అందరూ కలిసి చెప్పడం, చాలాసార్లు స్కూల్లో ప్రతిజ్ఞలాగే నోటికి వచ్చింది వచ్చినట్టు అప్పజెప్పడమే. అందులో ఆ గనిలో పోయినవాళ్ల ఊసు చేర్చినా వినేవాళ్ల చెవి కాస్త నిక్కబొడుచుకుంటుంది. ఫలానా లెవెల్‌లో (అడ్డ గ్యాలరీలో), ఫలానా డిప్పు దగ్గర బండ పడి పోయాడని చెబితే ఆ దారిన నడిచే కుర్రాడు అక్కడికొచ్చాక ఒకసారి తలెత్తి పైకప్పు చూస్తాడు. ప్రతి గనికీ తన సొంత జాబితా ఉండాలి, పది మంది గీతతో పని లేకుండా, ఒక్కడు పోయిన రోజు నుంచి కూడా. సమాచారం కొత్తగా వెతకాల్సిన పని లేదు, ప్రాణం తీసిన ప్రతి ప్రమాదానికీ చట్టం ప్రకారం నోటీసు వెళ్తుంది, విచారణ రిపోర్టు ఉంటుంది. ల్యాంప్ రూం పక్కన టోకెన్లు తీసుకునే కిటికీ దగ్గర ఒక గోడ ఎలాగూ ఉంటుంది. ఒక్కో మనిషికి ఒక్కో వరుస చాలు: మస్టర్ పేరు, ఇంట్లో పిలిచే పేరు, ఊరు, పర్మినెంటో కాంట్రాక్టో రాయకుండా ఏం పని చేసేవాడో, తారీఖు, ఎన్నో లెవెల్, మీద పడింది బండో నీళ్లో.